అత్త పెట్టుకున్న గడియ

అది 1996. జడ్చర్లలో ఆ ఉదయం చాయ్ తీసుకుని వెళ్ళిన అమీనాకు అత్త షరీఫున్నీసా గోడవైపు తిరిగి నిలబడి కనిపించింది. వణికే చెయ్యెత్తి, అక్కడ లేని బర్రెను "హో... హో..." అని అదిలిస్తోంది. కోడలిని చూసి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నవ్వింది. 

ఇంగ్లండులో ఆవులకు పిచ్చి పట్టిందనీ, వాటి మాంసం తిన్నవాళ్ళకూ మతి పోతోందనీ అంతకుముందే రేడియోలో విన్నది. ఇంట్లో అందరూ పెద్దకూర తినేవాళ్ళే. భేజా, అంటే పశువు మెదడు మాత్రం ప్రతి శుక్రవారం అత్తకే. దానిమీద ఆమెకు అంత ప్రాణం.

ఇంకేముంది, అదే రోగమనుకుంది అమీనా. ఆ ఇంట్లో అందరూ ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తింటారు. ఆ రోజునుంచి అత్తకు వేరే పళ్ళెం, వెనక గది. కూతురు అజీజాను ఆ గడప తొక్కనివ్వలేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగితే ఆ గదిలోంచి సన్నగా నవ్వు, తనలో తాను మాట్లాడుకునే గొంతు వినిపించేవి. అమీనా అజీజాను దగ్గరికి లాక్కునేది.

"మా అమ్మను గట్ల మూలకు కూసోబెడ్తవా?" భర్త సర్దార్ మండిపడ్డాడు.

"నా బిడ్డకు అంటితే నువ్వు పూచీ ఉంటవా? దవాఖానకు తోల్కపో. అంటదని డాక్టర్ చెప్తే నేనే బతిమాలి తెచ్చుకుంట!"

ముగ్గురూ మహబూబ్‌నగర్ వెళ్ళారు. డాక్టర్ ముసలామెను పరీక్షించి, అమీనా భయమంతా విని ఆమెవైపు తిరిగాడు.

"ఇంగ్లండుల ఆవుల దాణాల పశువుల మాంసం, ఎముకల పొడి కలిపిన్రమ్మా. అట్ల పాకింది. రోగమున్న పశువు మెదడు, వెన్నుపాము తింటే ఎక్కువ భయం. మన పశువులు మేసేది గడ్డి, చొప్ప. ఆ రోగం ఈడ కనబడలే. ఉన్నా, ఒక్క పళ్ళెంల తింటే అంటదు. ఈమెది ముసలితనంల వచ్చే మతిమరుపు."



ఇంటికి రాగానే అన్నం వడ్డించి అత్తను పిలవబోతే, తలుపుకు లోపల గడియ.

"అమ్మీ, అన్నానికి రా."

"నేను రాను. నాకు పిచ్చి ఆవు రోగమట. గడియ తీస్తే అజీజా లోపలికొస్తది. చిన్నపిల్ల, దానికంటుతది."

అమీనా అక్కడే కూలబడింది. "అంటదమ్మీ! తప్పు నాదే. జర తియ్యి."

చాలాసేపటికి తలుపు కొంచెం తెరుచుకుంది. ముసలామె ముక్కుకూ నోటికీ ఓణీ గట్టిగా చుట్టుకుని ఉంది. అమీనా లోపలికి వెళ్ళి, పొద్దున ఆమె సగం తిని వదిలేసిన పళ్ళెంలోంచి ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

షరీఫున్నీసా కంగారుగా వాకిలివైపు చూసింది.

"ఎవరి బిడ్డవో గానీ, జల్ది తినేసి పో. మా కోడలు చూస్తే భయపడ్తది, పాపం."

అమీనా ఆ వణికే చేతులు పట్టుకుని భోరున ఏడ్చేసింది.