వదిన బొటనవేలు

వదిన! సాక్షాత్తూ వదినే! అత్తగారి ఏ కాలినొప్పిని నాటకమని ఎగతాళి చేసిందో, ఇవాళ అదే నొప్పితో ఆడపడుచు ముందుకు వచ్చి కూర్చుంది!

ఆసుపత్రిలో కాళ్ళ రక్తప్రసరణ పరీక్షలు చేసే ఆ ఆడపడుచుకు పాత కసి రగిలింది! నాలుగేళ్ళ కిందట అమ్మ పది అడుగులు వేస్తే పిక్క పట్టేసి కూలబడేది. కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. "పని చెబితే నొప్పి, కూర్చుంటే మాయం! భలే నాటకం!" అని వదిన దెప్పేది. అన్నయ్య ఈ పరీక్షకే రోజు ఖాయం చేస్తే, చాటుగా ఫోను చేసి రద్దు చేయించి, "అత్తయ్యే రానంటోంది" అని అతన్ని నమ్మించింది. అమ్మ కాలు పోయింది, ఆ వెనకే అమ్మా పోయింది! పోతూ పోతూ, తన చెవిన పడ్డ ఆ ఫోను సంగతి చెప్పి, "వాడి కాపురంలో చిచ్చు పెట్టకే..." అని కూతురి చేత ఒట్టు వేయించుకుంది. పాపం, అన్నయ్యకు ఇప్పటికీ ఏమీ తెలియదు. బయట బల్లమీద కూర్చుని భార్య కోసం ఎదురు చూస్తున్నాడు.

"ముందు కాస్త నడవండి వదినా."

రెండు చుట్లకే వదిన గోడ పట్టుకుంది. కుర్చీ వేసింది ఆడపడుచు.

"కూర్చున్నాక తగ్గిందా?"

"తగ్గిందమ్మా..."

"అయితే నాటకమేనన్నమాట!"

వదిన తల దించుకుంది. అబద్ధమెందుకు, ఆడపడుచు కడుపు చల్లబడింది!

కాసేపు పడుకోబెట్టి, చేతికీ చీలమండకీ బీపీ పట్టీలు కట్టి, జెల్లీ రాసి, పెన్నులాంటి పరికరంతో రక్తం చప్పుడు విన్నది. సూది లేదు, కోత లేదు. రెండుచోట్లా అంకెలు ఇంచుమించు సమానం, అంటే రక్తం బాగా అందుతున్నట్టే. చూడ్డానికి నిక్షేపంలాంటి కాలు! కానీ వదినలా ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళకు రక్తనాళాలు గట్టిపడి చీలమండ పట్టీని మోసం చేయవచ్చు. అప్పుడు నిజం బొటనవేలినే అడగాలి. ఆ సంగతి వదినకు తెలియదు. "బాగానే ఉంది, వెళ్ళండి" అంటే చాలు... అమ్మ గతే ఈవిడకూ పడుతుంది!

"బాగానే ఉందా అమ్మాయీ?"

ఆ గొంతులో ఎంత ఆశ! అమ్మ కూడా అచ్చం ఇలాగే అడిగేది... ఆడపడుచు పళ్ళు బిగించి, చిన్న పట్టీ తీసి వదిన బొటనవేలికి చుట్టింది. అంకె అట్టడుగున ఉంది.

"రక్తం సరిగ్గా అందడం లేదు. వెంటనే వైద్యం మొదలుపెడితే కాలు దక్కుతుంది. డాక్టరుగారికి ఇప్పుడే చెబుతాను."

వదిన బావురుమంది. "నన్ను క్షమించావా తల్లీ!"

"లేదు! కాలు పోతే అన్నయ్య మీమీద జాలిపడతాడు. ఆ జాలి మీకు దక్కనివ్వను! నోరు విప్పనని అమ్మకు ఒట్టేసింది నేను, మీరు కాదు. వెళ్ళి మీ నోటితోనే చెప్పండి!"

వదిన చెప్పులు కూడా వేసుకోకుండా, కుంటుకుంటూ బయటికి నడిచింది. "అత్తయ్య తప్పేం లేదండీ... అంతా నేనే చేశాను..." అనడం తలుపు ఇవతలికి వినిపించింది. ఆడపడుచు ఖాళీ అయిన పరీక్ష బల్లమీద తల ఆనించి, నాలుగేళ్ళలో మొదటిసారి, అమ్మ కోసం గొంతెత్తి ఏడ్చింది.