పాత మిషన్ ఇచ్చిన అయిదు గంటలు

"నా ప్యాకేజీ ఎందుకు ఆపేశారు?"

అతను తలెత్తి చూశాడు. ఎదురుగా ఒకమ్మాయి. ఆమె చేతిలోని మడిచిన గొడుగు నుంచి నీళ్లు చుక్కచుక్కగా అతని బూటు మీద పడుతున్నాయి. ఆమె గమనించలేదు. ఎందుకో అతనూ కాలు తీసుకోలేదు.

"ఆపింది నేను కాదండీ. బిల్డ్ ఫెయిలైంది."

"రెండు కొత్త మిషన్లలో పాసైంది కదా! మా పాతదాంట్లో ఫెయిలైందని పక్కన పడేయడమేనా?"

"మూడింట్లోనూ పాసైతేనే బయటికి వదలాలి. రూలు."

"అందుకేనా అందరూ మిమ్మల్ని చెక్‌పోస్ట్ అంటున్నారు?"

తన వెనక అలాంటి పేరొకటి తిరుగుతోందని అతనికి అప్పుడే తెలిసింది. "మిమ్మల్నేమంటున్నారో తెలుసా?" అన్నాడు ఉక్రోషంగా.

"పాతింటి కోడలు అంటున్నారు. పాతింట్లో పనెక్కువండీ, కాస్త త్వరగా చూడండి." పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది.

ప్యాకేజీ అంటే కట్టగట్టిన ఒక ప్రోగ్రామ్. దాన్ని రాయడం ఒక్కసారే. కానీ ఒక్కో రకం మిషన్‌కి, అంటే కంప్యూటర్‌కి, ఒక్కో భాష. అందుకని దాన్ని ప్రతి రకానికీ విడిగా ఆ భాషలోకి మార్చి పరీక్షించాలి. అదే బిల్డ్. ఆ ఆఫీసులో మూడు రకాలున్నాయి. కొత్తవి రెండూ పది నిమిషాల్లో పని ముగించేస్తాయి. పాతదానికి అయిదు గంటలు పడుతుంది. ఎక్కడో కొన్ని నీటి పంపుల స్టేషన్లు ఇంకా ఆ పాత రకం మీదే నడుస్తున్నాయి. వాటి కోసమే ఆమెను వేరే ఊరి ఆఫీసు నుంచి ఇక్కడికి పంపారు. బిల్డులన్నీ నడిపించేది అతను. కనుక ఆ అయిదు గంటలూ ఆమె అతని పక్కనే కూర్చుని కనిపెట్టుకుని ఉండాలి.

బయట వాన. కిటికీ అద్దం మీద చినుకులు కిందికి జారుతుంటే, స్క్రీన్ మీద బిల్డ్ ఎంతవరకొచ్చిందో చెప్పే లాగ్ లైన్లు పైకి పాకేవి. రెంటి మధ్యా ఆమె ముఖం. ఒక్కోసారి ఏది కదులుతోందో, ఏది నిలిచి ఉందో అతనికి తెలిసేది కాదు. తానే ఎక్కడికో మెల్లగా తేలిపోతున్నట్టుండేది.

కొన్నాళ్లకు అతను తనలో ఒక సంగతి గమనించాడు. ఆమె ప్యాకేజీలు ఉదయం వేళ క్యూలోకి వచ్చినా, వాటిని మధ్యాహ్నానికి జరుపుతున్నాడు. ఉదయమంతా అతనికి మీటింగులు, మధ్యాహ్నమైతే సాయంత్రం దాకా సీటు వదలక్కర్లేదు. మిషన్ మీద భారం తగ్గించడానికేనని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. నమ్మినట్టు నటించాడు కూడా. చిన్నప్పటి నుంచీ అంతే. కావలసిన దాన్ని కావాలని అడగడు. దాని చుట్టూ ఒక పని కల్పించుకుంటాడు.

"ఏంట్రా, కంచంలోకి చూసి నవ్వుతున్నావు?" అంది అక్క, ఒకరోజు భోజనాల దగ్గర.

"ఏం లేదక్కా. బిల్డ్ గుర్తొచ్చింది."

"ఆ బిల్డ్‌కి పెళ్లయిందా?"

అతనికి పొలమారింది. అక్క మంచినీళ్ల గ్లాసు ముందుకు తోసి, మరేమీ అడగలేదు.

సోమవారం మేనేజర్ పిలిచారు. "గురువారం మధ్యాహ్నం పన్నెండుకి లిస్టు చూస్తాను. పాతదాంట్లో ఒక్క టెస్టు ఫెయిలై ఎరుపు కనబడినా కొత్త రిలీజ్ నుంచి దాన్ని తీసేద్దాం. ఆ అమ్మాయి కూడా వాళ్లూరు వెళ్లిపోవచ్చు."

బుధవారం సాయంత్రానికి మిగిలింది ఒక్కటే ఎరుపు. కొత్త మిషన్లు ఒక సంఖ్యను ముక్కలు చేసి ఒక చివర నుంచి దాచుకుంటే, పాతది రెండో చివర నుంచి దాచుకుంటుంది. ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఆ తేడా మరిచిపోయారు. టెస్టులో ఒకటి రావలసిన చోట కోటిన్నర పైచిలుకు వస్తోంది. రెండు రోజులుగా వెతికి వెతికి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"రేపు పొద్దున్నే చూస్తాను," అని లేచింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి నవ్వింది. వట్టి అలసట నవ్వు. ఆ ఎరుపు పోకపోతే రేపటితో ఆమె వెళ్లిపోతుంది.

ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు ఆగగానే అతను ఒక్క లైను రాశాడు. పాత మిషన్‌లో ఆ టెస్టు వదిలెయ్. అంతే. రాత్రికి బిల్డ్ పెట్టి ఇంటికి వెళ్లాడు.

గురువారం అతను వచ్చేసరికి ఎరుపు ఆకుపచ్చయింది. ఆమె అప్పటికే అక్కడుంది.

"ఎవరు రాశారిది?"

అతను సంచి బల్ల మీద పెట్టాడు.

"మార్పుల లాగ్‌లో మీ పేరే ఉంది. ఏమనుకుంటున్నారు మీరు?" ఆమె స్క్రీన్ వైపు వేలు చూపించింది. "ట్యాంకులో ఎంత నీరుందో చెప్పే లెక్కండీ అది! రేపు అక్కడ పంపు ఆగాల్సిన టైముకి ఆగకపోతే?"

"మీ మిషన్ ఉండాలని..."

"మిషన్ కోసమేనా?"

అతను మళ్లీ ఆ టెస్టు గురించే ఏదో చెప్పబోయాడు. ఆమె ఒక్క క్షణం చూసి, విసురుగా వెళ్లిపోయింది.

పదకొండున్నర. ఆ లైను తీసేస్తే మళ్లీ ఎరుపు. తప్పు దొరికినా, బిల్డ్‌కి అయిదు గంటలు కావాలి. ఉంచేస్తే ఆమె ఉంటుంది, ఆ కుర్చీలో, వాన పక్కన. కానీ అలా ఉన్న ఆమె ముఖంలోకి తను ఎప్పటికీ సూటిగా చూడలేడు. అతను లైను తీసేసి మేనేజర్ గదిలోకి నడిచాడు.

"ఆ ఆకుపచ్చ అబద్ధం సార్. నేనే చేశాను."

చీవాట్లు చాలాసేపు పడ్డాయి. పాత మిషన్ పేరు లిస్టులోంచి పోయింది. స్టేషన్లు ఇప్పుడున్న ప్రోగ్రామ్‌తోనే నడుస్తాయి, వాటి మరమ్మతులు ఆమె తన ఊరి నుంచి చూసుకుంటుంది. అదీ నిర్ణయం.

మధ్యాహ్నం ఆమె సంచి సర్దుకుంటోంది. అతను వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"ఏమైనా ఫెయిలైందా?" అంది తలెత్తకుండా.

"లేదండీ."

"మరి?"

చెప్పడానికి ఏ పనీ దొరకలేదు. "మీ కోసమే వచ్చాను. మీ మిషన్ కోసం కాదు, ఆ టెస్టు కోసమూ కాదు. మీరు పక్కన కూర్చుంటారని మీ ప్యాకేజీలన్నీ మధ్యాహ్నానికి జరిపేవాణ్ని. నిన్న చేసింది తప్పు. కానీ మీరంటే ఇష్టం. అది తప్పు కాదు."

ఆమె చేతులు ఆగాయి. "జరిపేవారా! నేనింకా మా మిషనే బద్ధకిస్తోందనుకున్నా." పెదవి కొరుక్కుంది. "మేనేజర్ దగ్గరికి మీ అంతట మీరే వెళ్లారటగా?"

"ఊఁ."

"మా ఊరు రైల్లో నాలుగు గంటలు."

"పరవాలేదు. నాకు ఆదివారాలు ఖాళీయే."

ఇంతలో ఆమె ఫోను మోగింది. వాళ్లమ్మ గొంతు అతనిక్కూడా వినబడుతోంది.

"అమ్మా, రేపు వచ్చేస్తున్నా. ఆదివారం భోజనానికి ఇంకొకాయన వస్తారు."

"ఎవరే?"

ఆమె అతనివైపు చూసింది. తొలిసారి, దాచుకోకుండా. "ఇక్కడ నాకు పని లేకుండా చేసినాయన."

"అయ్యో రాత! అలాంటివాడికి నేను వండి పెట్టాలా?"

"ఊఁ," అంది ఆమె. "కాస్త బాగానే వండు."