పొగతో కనుమ దిగిన కారు

“నన్ను చంపాలని చూశారు. నాతో పాటు నా కూతుర్ని కూడా.”

కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే సోల్‌ఫ్రిడ్ ఆ మాట అనేసింది. ఫియోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్లో ఆమె నర్సు. ప్రైవేటు డిటెక్టివ్ హెర్‌బోర్గ్ ఆమెను తొందరపెట్టలేదు. పక్కన సహాయకుడు ఐవిన్ చెవులు రిక్కించి వింటున్నాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు కొండ మీది సెలవు ఇంటి నుంచి ఎలక్ట్రిక్ కారులో కనుమ దిగుతున్నారు. సగం దారిలో మాడు వాసన వచ్చింది. అద్దంలో చూస్తే వెనక కుడి చక్రం దగ్గర పొగ. గాభరాలో ఆమె కారును మంచుగుట్టలోకి తిప్పింది. చిన్నారి మారెన్‌కు మెడ కింది ఎముక విరిగింది.

“మంచు టైర్లు వేసి, బ్రేకులు చూసింది ఓస్‌మున్. నా మాజీ భర్త. పిల్ల ఎవరి దగ్గర పెరగాలో త్వరలో కోర్టు తేలుస్తుంది. ఇంకేం చెప్పమంటారు?”

ఐవిన్‌కు ఇంకేమీ చెప్పనక్కర్లేదనిపించింది. ఆ మధ్యాహ్నం రొట్టెల కొట్లో నోరు జారాడు కూడా: “ఆ బ్రేకుల్లో చెయ్యి పెట్టింది ఒక్కడే కదా.” సాయంత్రానికల్లా ఓస్‌మున్ కార్ల రిపేరు షెడ్డుకు రావలసిన బళ్లు పక్క ఊరికి మళ్లాయి. ఆ సంగతి విన్నప్పుడు ఐవిన్‌కు మళ్లీ ఆ కొట్టు వైపు వెళ్లబుద్ధి కాలేదు.

ఊళ్లో ఉన్నది ఆ ఒక్క షెడ్డే. దెబ్బతిన్న కారునూ అక్కడికే లాక్కొచ్చి పెట్టారు. మర్నాడు వీళ్లిద్దరూ వెళ్లేసరికి, షెడ్డు ముందు సోల్‌ఫ్రిడ్ తండ్రి తూర్‌లైవ్ పారతో మంచు ఎత్తిపోస్తున్నాడు. వీళ్లను చూసి, పలకరించకుండానే వెళ్లిపోయాడు.

“మీ మామగారు రోజూ వస్తారా?” అని అడిగింది హెర్‌బోర్గ్.

“ఇదివరకు నా మొహం చూసేవాడు కాదు,” అన్నాడు ఓస్‌మున్. “ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి వస్తున్నాడు.”

“బ్రేకు ఎందుకు వేడెక్కిందంటారు?”

“నేను చెప్పేదేం లేదు.” అతను చూపు తిప్పుకున్నాడు.

“చూశావా, దొరికిపోయాడు,” అన్నట్టు ఐవిన్ మనసు గంతేసింది. హెర్‌బోర్గ్ మాత్రం కోటు విప్పి కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

“ఇలాంటి ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే వేగాన్ని తగ్గిస్తుంది. బ్రేకుతో పెద్దగా పనుండదు. మిగతా మూడు చక్రాల బ్రేకు డిస్కులూ చూడు, వాడకపోవడంతో తుప్పు పట్టి ఉన్నాయి. ఈ ఒక్కటే కాలి నీలంగా మారింది. అంటే ఏమిటి?”

“ఆమె బ్రేకు గట్టిగా తొక్కలేదు,” అన్నాడు ఐవిన్ నెమ్మదిగా. “తొక్కి ఉంటే అన్నీ వేడెక్కేవి. ఈ ఒక్క బ్రేకే వదలకుండా పట్టుకుని ఉంది.”

“అదీ.”

ఆమె చక్రం విప్పించింది. బ్రేకు బిగింపును అటూ ఇటూ జరగనిచ్చే పిన్నులు వేళ్లతో లాగితే రావాలి. ఇక్కడ ఒకటి సుత్తితో కొడితే గానీ రాలేదు. దాని రబ్బరు తొడుగు నానిన శనగలా ఉబ్బిపోయింది. లోపల ఆకుపచ్చ గ్రీజు. మిగతా చక్రాల పిన్నులకు ఉన్నది తెల్లని గ్రీజు. హెర్‌బోర్గ్ రెండూ వేలితో తీసి వాసన చూసింది.

అక్కడి నుంచి ఆమె తిన్నగా తూర్‌లైవ్ పడవల కొట్టానికి నడిచింది. ముసలాయన పడవ ఇంజను విప్పి కూర్చున్నాడు. మారెన్ ఎలా ఉందని అడిగితే, చేతులకు అంటిన ఆకుపచ్చ మరకను లాగుకు తుడుచుకుంటూ, “బాగానే ఉంటుంది,” అన్నాడు. కళ్లెత్తలేదు.

ఆ సాయంత్రం అందరినీ షెడ్డులో కూర్చోబెట్టింది హెర్‌బోర్గ్.

“చెడగొట్టాలనుకున్నవాడు గ్రీజు పెట్టడు,” అని మొదలుపెట్టింది. “ఎవరో మంచి చేద్దామనుకుని పెట్టారు. ఉప్పునీళ్లకు తట్టుకునే పడవ గ్రీజు అది. ఇలాంటి రబ్బరుకు తగిలితే ఉబ్బిపోయి పిన్ను బిగుసుకుంటుంది. బ్రేకు పట్టుకుని వదలదు. కనుమ దిగినంతసేపూ రాసుకుని రాసుకుని కాలింది. ఈ సంగతి ఓస్‌మున్‌కు తెలుసు, అందుకే తెల్లది వాడాడు. తెలియనివారు ఇంకొకరున్నారు.”

తూర్‌లైవ్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“బ్రేకు కీచుమంటోందన్నావు కదా, తల్లీ,” అన్నాడు కూతురితో. “నువ్వు డ్యూటీలో ఉంటే నేనే విప్పి, నా పడవ గ్రీజు పెట్టాను. అతన్ని అడగడానికి నామోషీ అనిపించింది.”

“పిల్ల ఎముక విరిగింది నాన్నా. ఊరంతా ఇతన్ని హంతకుడంటోంది. నేనూ అన్నాను. నువ్వు వింటూ ఊరుకున్నావా?”

“మంచు ఎత్తిపోశాను,” అన్నాడాయన. అది జవాబు కాదని ఆయనకే తెలిసింది.

హెర్‌బోర్గ్ ఓస్‌మున్ వైపు తిరిగింది. “ఆ గ్రీజు మీరు మొదటి రోజే చూశారు. ఎందుకు చెప్పలేదు?”

“మారెన్‌కు తాత ఒక్కడే,” అన్నాడు ఓస్‌మున్. “ఆయనే చెబుతాడనుకున్నాను.”

సోల్‌ఫ్రిడ్ మొహం చేతుల్లో దాచుకుంది. “కోర్టులో నీ మీద చెప్పిందంతా వెనక్కి తీసుకుంటాను,” అంది. అతను తలూపి, కొత్త రబ్బరు తొడుగులూ, పిన్నులూ, డిస్కులూ, ప్యాడ్లూ బల్ల మీద పరిచాడు. వెనక రెండు చక్రాలకూ మార్చాలి. “అప్పుడప్పుడూ ఖాళీ రోడ్డు మీద గేరు న్యూట్రల్‌లో పెట్టి బ్రేకు తొక్కు. తుప్పు వదులుతుంది,” అన్నాడు. ఆమెతో అతను అన్నన్ని మాటలు మాట్లాడి చాలా కాలమైంది.

తూర్‌లైవ్‌ను మారెన్ దగ్గరికి ఐవిన్ తీసుకెళ్లాడు. దారిలో, రొట్టెల కొట్లో తాను నోరు జారిన సంగతి ఆయనతో చెబుదామనుకుని, ముందు ఓస్‌మున్‌కు చెప్పాలని ఊరుకున్నాడు.

చేతికి కట్టుతో మంచం మీద కూర్చున్న పిల్లకు ముసలాయన అంతా చెప్పాడు. గ్రీజు సంగతి ఆమె ఓపిగ్గా వింది.

“మరి అందరూ నాన్నను అంటుంటే నువ్వెందుకు చెప్పలేదు తాతా?”

“నువ్వు నాతో మాట్లాడవేమోనని భయమేసింది.”

మారెన్ దుప్పటిని గడ్డం దాకా లాక్కుంది.

“ఇవాళ మాట్లాడను,” అంది. “రేపు రా.”