కారుకు పెట్టిన నీళ్ళు

కళ్ళాపి చల్లి నడుమెత్తేసరికి సిద్దమ్మకు కారు కింద తడి కనబడింది. తాను చల్లిన నీళ్ళు కారు నిలిపిన పశువుల కొట్టం దాకా పోలేదు. రాత్రి పొడిగా ఉన్న నేల తెల్లారేసరికి మడుగెట్లా కట్టిందో ఆమెకు అంతు చిక్కలేదు. కొన్నాళ్ళుగా ఇదే వరస. మరిది ఈరన్నే ఎవరూ లేవకముందు వచ్చి ఏదో విప్పి నీళ్ళు వదులుతున్నాడని ఆమెకు గట్టి అనుమానం.

నందికొట్కూరు దగ్గర ఆ పల్లెలో కారున్న ఇల్లు అదొక్కటే. అది మామ ముచ్చటపడి కొన్న పాత కారు. ఆయన పోయాక పెద్దకొడుకు తిమ్మయ్య సేద్యం చూసుకుంటున్నాడు, చిన్నకొడుకు ఈరన్న కారు చూసుకుంటున్నాడు. సిద్దమ్మ మొగుడు తిమ్మయ్యకైతే కారెక్కి మీసం దువ్వుకోవడం తప్ప దాని మూత ఎటు తెరుచుకుంటుందో కూడా తెలియదు. అందుకే ఈరన్న ఏం చెబితే అదే నమ్మాలి.

నిన్న ఈరన్న మళ్ళీ కర్నూలు పోయి వచ్చాడు. ఇంజను వేడెక్కకుండా చూసే నీళ్ళపంపు పోయిందని, దాన్ని తిప్పే ఫ్యాను బెల్టు కూడా పీచులు లేచిందని, రెండూ తెచ్చానని, ఇంట్లోనే తానే మారుస్తానని చెప్పాడు. విప్పి చూడకముందే లోపల పోయిందని ఎట్లా తెలిసిందో. ఈ కాస్త సామానుకు కర్నూలు ఎన్నిసార్లు తిరగాలో.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పటి నుంచి అందరికీ ఆ ఊరి యావే. ఆఫీసులొచ్చాయి, ఆఫీసర్లొచ్చారు, బాడుగ కార్లకు గిరాకీ వచ్చింది. ఈరన్న మామగారిది ఆ ఊరే. అల్లుడు కారు తీసుకొని వచ్చేస్తే దర్జాగా బతకవచ్చని ఆ పెద్దమనిషి ఉగాదికి వచ్చినప్పుడు పంక్తిలో కూర్చొని అన్నాడు. అందరూ నవ్వి ఊరుకున్నారు కానీ, వడ్డిస్తున్న సిద్దమ్మకు మాత్రం ఆ మాట గుచ్చుకొని అట్లాగే ఉండిపోయింది.

ఎందుకుండదు? ఆమె కాపురానికి వచ్చేసరికి ఈరన్న తల్లిలేని పసివాడు. తన పళ్ళెంలోనే ముద్దలు చేసి తినిపించింది. అమ్మవారు పోసినప్పుడు వేపమండలతో విసురుతూ పక్కనే కూర్చుంది. తన కడుపున కాయ కాయలేదన్న దిగులు వాడు "వదినా" అని పిలిస్తే సగం తీరేది. వాడు వేరుపడి పోతాడేమోనని తలచుకుంటేనే ఆమెకు ముద్ద దిగడం లేదు.

కారుతో సిద్దమ్మకున్న పని ఒక్కటే. ఎద్దులకు కుడితి పెట్టినట్టు పొద్దున్నే దానికో బిందెడు నీళ్ళు పెట్టాలి. మామ పోయినప్పటి నుంచి ఆ పని ఆమెదే. మంచినీళ్ళే కావాలని ఈరన్న మొదట్లోనే చెప్పాడు, ఆమె "సరేలేప్పా" అంది. ఇంటి బావిలోవి ఉప్పునీళ్ళు. తాగేనీళ్ళు వంక అవతలి బావి నుంచి నెత్తిన మోసుకొని రావాలి. ఎండాకాలం వస్తే ఆ బిందెలకు సిద్దమ్మ కాసే కాపలా చూడాలి, ఇంటికొచ్చిన చుట్టానికి కూడా చెంబు సగమే నింపి ఇస్తుంది.

పొద్దెక్కాక ఈరన్న కారు మూత తెరిచాడు. సిద్దమ్మ వంటింట్లో సంగటి కెలుకుతూనే కిటికీలోంచి ఓ కన్ను అటే వేసి ఉంచింది. ఉన్న నీళ్ళు వదిలేశాడు. బెల్టు వదులు చేసి తీశాడు, ఫ్యాను ఊడదీశాడు, బోల్టులు ఒక్కొక్కటే గిన్నెలో వేశాడు. చివరికి పంపు ఊడివచ్చింది. దాని లోపలికి చూసి అట్లాగే నిలబడిపోయాడు. వంటింటి వైపు ఒకసారి చూసి, పెళ్ళాం వెంకటేశ్వరమ్మను సైగ చేసి పిలిచాడు. ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ఆ తర్వాత పంపును గోనెసంచిలో చుట్టి గడ్డివాములోకి తోసేశాడు.

పనికిరానిదైతే పెంటదిబ్బలో పడేస్తారు కానీ దాచుకుంటారా?

తిమ్మయ్య చేను నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకముందే ఆమె అంతా చెప్పేసింది. తడి సంగతి, కర్నూలు తిరుగుళ్ళు, ఉగాదినాటి మాట, గడ్డిలో దాచిన సంచి, ఒక్కటీ వదలలేదు. తిమ్మయ్య మంచివాడే కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. నేరుగా కొట్టం దగ్గరికి పోయాడు.

"ఈరన్నా, కారు బాగు చేస్తాండావా, లేక పోయేదానికి ఏర్పాటు చేసుకుంటాండావా?"

"యాడికి పోతానన్నా?"

"మీ మామ దగ్గరికి. పోవాలనుంటే మొగాన చెప్పు. నీ భాగం నువ్వు తీసుకో, కారు కూడా తీసుకో. మంచి సామాను గడ్డిలో ఎందుకు దాస్తాండావు?"

కొత్త పంపు బిగిస్తున్న ఈరన్న చేయి ఆగింది. "అది మంచిది కాదన్నా. తినిపోయింది."

"నాయన పోయే ముందే గదా కొత్తది వేయించింది. ఇంతలోనే ఎట్ల తినిపోతాది? బండి నీ చేతిలోనే ఉండాది."

ఈరన్న తల దించుకున్నాడు. "నేనే సరిగా చూసుకోల్యా. తప్పు నాదే. పొమ్మంటే పోతా."

వెంకటేశ్వరమ్మ అంతదాకా పెదవి బిగబట్టి నిలబడింది. ఇక ఆగలేకపోయింది. "నీది కాని తప్పు నెత్తినేసుకుంటావెందుకు? ఉండేది చెప్పరాదా?" అంది. ఈరన్న కసిరి ఆమెను లోపలికి పొమ్మన్నాడు.

దాంతో సిద్దమ్మ అనుమానం మరింత పెరిగింది. "చెప్పనీప్పా, నన్నూ విననీ," అంటూ గడ్డివాము దగ్గరికి పోయి, సంచి లాగి, మొగుడి కాళ్ళ ముందు దులిపింది. పంపు దొర్లి, నోరు పైకై ఆగింది.

లోపల రెక్కలు పిప్పిపళ్ళలా తరిగిపోయి ఉన్నాయి. చుట్టూ తెల్లటి పెచ్చు దళసరిగా కట్టింది. సిద్దమ్మ వంగి దాన్ని గోటితో గీరింది. ఆ తెలుపు ఆమెకు కొత్త కాదు. పండగ పండగకూ చింతపండు, ఇటుకపొడి వేసి ఎంత తోమినా ఇంటి బావి నీళ్ళు కాచే కాగు అడుగున వదలని ఉప్పు పెచ్చు అది.

ఆ ఉప్పు కారులోకి చేరింది తన బిందెతోనే. మనుషుల గొంతు తడపడానికే చాలని నీళ్ళు ఇనుముకు పోయాలా, రుచి చూడడానికి కారుకేమన్నా నాలుక ఉందా అనుకొని, మొదటిరోజు నుంచీ ఆ బిందెను ఇంటి బావిలోనే ముంచి పెట్టింది. ఈరన్న ఏనాడూ నీళ్ళు నోట్లో వేసుకొని చూడలేదు. వదిన పెట్టిందంటే మంచినీళ్ళే అనుకొని పోసుకున్నాడు. కారు కింద తడి వాడు వదిలింది కాదు, చిల్లులు పడిన పంపు కార్చింది.

"నీకు తెల్సునా?" అంది ఈరన్న వైపు తిరిగి.

"విప్పంగానే తెల్సింది వదినా."

"మరి నన్నెందుకు అడగల్యా?"

"ఏమని అడిగేది? ఎండలో వంక దాటి మోసుకొచ్చేది నువ్వు. అన్న చూస్తే నిన్ను తిడతాడని దాస్తి. నన్ను తిడితే నేను పడతా."

సిద్దమ్మ కొట్టం గుంజ పట్టుకొని కూలబడింది. ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే మొగుడికి ఉన్నదంతా చెప్పింది. బండిని పాడుచేసింది తనేనని, పిల్లోడి మీద చాడీలు చెప్పింది కూడా తనేనని ఒప్పుకుంది. తిమ్మయ్య తుండుగుడ్డ తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"నువ్వు పోతావని భయపడి, నేనే నిన్ను తరిమేస్తిని గదరా," అంది సిద్దమ్మ.

ఈరన్న మసి చేతులు పంచెకు తుడుచుకొని ఆమె పక్కన కూర్చున్నాడు. మామ రమ్మన్నది నిజమేనని, రానని ఆ రోజే చెప్పేశానని, కర్నూలు తిరిగింది ఈ పంపు దొరక్కేనని చెప్పాడు.

"నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోతా వదినా? లెయ్, బెల్టు ఎక్కియ్యాల."

పంపు బిగిసింది. కొత్త బెల్టు ఎక్కించి వేలితో నొక్కి చూసుకున్నాడు. ఇక నీళ్ళు పోయడమే మిగిలింది. సిద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకొని లోపలికి పోయింది. పొద్దున తాను మోసుకొచ్చిన మంచినీళ్ళ బిందె చంకనెత్తుకొని వచ్చి, ఒక్క చుక్క కింద పడకుండా కారు నోట్లో పోసింది. అది గుటగుటా బిందెడూ తాగేసింది. సిద్దమ్మ రెండో బిందె కూడా తెమ్మని వెంకటేశ్వరమ్మను కేకేసింది. చేను నుంచి దాహంగా వచ్చిన తిమ్మయ్య ఆ బిందె పోతున్న వైపే చూస్తూ నిలబడ్డాడు కానీ, నోరు మెదిపే ధైర్యం చేయలేదు.

కారు నిండాక బిందె అడుగున కాసిని నీళ్ళు మిగిలాయి. సిద్దమ్మ చెంబు తెచ్చి, అంచుదాకా నింపి, ముందు ఈరన్న చేతికిచ్చింది.