రత్తమ్మ చేతి మాత్ర

"ఈ మనిషి ఇలాగే నిద్ర లేకుండా తిరిగితే, ఏదో ఒకరోజు నేరుగా ఉప్పుటేట్లోకి నడిచిపోతాడే బేబీ! నాకు తెలుస్తానే ఉంది."

రత్తమ్మ ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు.

మధ్యాహ్నం మూడైంది. మొగల్తూరు దగ్గర పల్లెలో, ఇంటి అరుగు మీద ఆమె భర్త త్రిమూర్తులు అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. ఒకప్పుడు చేపల వేటకెళ్ళి ఇంటిల్లిపాదినీ పోషించిన మనిషి. ఇప్పుడు డిమెన్షియా, మనుషుల్నే మరిచిపోయే జబ్బు. పగలు కునికిపాట్లు, రాత్రి జాగారం.

"నేను నిద్రమాత్ర ఇచ్చినన్నాళ్ళూ బాబాయ్ బానే పడుకున్నాడు పిన్నీ," అంది బేబి. నిడదవోలు నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటున్న హోమ్ నర్సు. "మీరు లాక్కున్నాకే ఈ గోలంతా."

రత్తమ్మకి ఒళ్ళు భగ్గుమంది.

ఆమె మంటంతా అదే. బేబి ఇస్తే మాత్ర మింగి పసిపిల్లాడిలా పడుకుంటాడు. తను ఇస్తే తెల్లవార్లూ తలుపు గడియ లాగుతాడు. బేబిని "అమ్మా" అంటాడు. కట్టుకున్నదాన్ని పట్టుకుని "ఎవరండీ మీరు?" అంటాడు. నలభై ఏళ్ళు అన్నం పెట్టిన చెయ్యి కానిదైపోయింది, నిన్నగాక మొన్నొచ్చిన చెయ్యి అయినదైపోయింది! అందుకే వారం కిందట "డాక్టరుగారు నన్నే ఇమ్మన్నారు" అని అబద్ధమాడి, మాత్రల షీటు కొంగున ముడేసుకుంది.

"ఆయనకేం కావాలో నాకు తెలుసు. చూస్తా ఉండు."

మంచం కింద నుంచి పాత విసురు వల లాగింది. దాంతోపాటు వల అంచుకి కట్టే సీసం గుళ్ళ డబ్బా. రెండూ మొగుడి ముందు పెట్టింది.

త్రిమూర్తులు వల ముందు చతికిలబడ్డాడు. వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"చూశావా?" అన్నట్టు బేబి వంక ఓ చూపు చూసి, రత్తమ్మ వంటింట్లోకి నడిచింది.

ఐదింటికి టీ తెచ్చేసరికి త్రిమూర్తులు వల మీదే పడి ఉన్నాడు.

ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు.

* * *

నర్సాపురంలో ఆస్పత్రి. మర్నాడు ఉదయం.

"నిద్రమాత్రలు మోతాదు మించి పడ్డాయి. ప్రాణానికి భయం లేదు, మెలకువ వస్తోంది," అన్నాడు డాక్టర్ సుకుమార్. "కానీ ఇది మెడికో లీగల్ కేసు. స్టేషన్‌కి చెప్పక తప్పదు."

ఎస్సై దేవకుమారి వచ్చింది. మాట తక్కువ మనిషి. వార్డు వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మాత్రలు ఎవరి దగ్గరుంటాయి?"

"నా కొంగులో మేడం." రత్తమ్మ కొంగు ముడి తడుముకుంది.

"నిన్న ఆయన దగ్గర ఎవరున్నారు?"

"ఇదే!" బేబి వైపు వేలు చూపించింది రత్తమ్మ. "ఫోన్ చూసుకోడానికి అడ్డంగా ఉన్నాడని ఇదే ఏదో మింగించేసింది. మా ఇంట్లో ఇంకెవరున్నారండీ?"

"అయ్యో పిన్నీ! షీటు మీ కొంగులో ఉంటే నేనెలా మింగిస్తాను? మీకు నేనంటే కుళ్ళు. ఆ సంగతి వీధంతటికీ తెలుసు!"

"ఏంటే కుళ్ళు?"

"ఆగండిద్దరూ." దేవకుమారి చెయ్యి చాచింది. "ఆ షీటు ఇలా ఇవ్వండి."

డాక్టరు రాసిన మందుల చీటీ పక్కన పెట్టుకుని చూసింది. సరిగ్గా సరిపోయింది. రోజుకొకటి చొప్పున ఎన్ని ఖర్చవ్వాలో అన్నే ఖర్చయ్యాయి.

అయినా రత్తమ్మ భయం తీరలేదు. మరి అన్ని మాత్రలు ఆయన కడుపులోకి ఎలా వెళ్ళాయి? తనే మరిచిపోయి ఎక్కణ్ణుంచో తెచ్చి పెట్టిందా? మొగుడి జబ్బు తనకీ అంటుకుందా? జైల్లో పెడితే ఈయన్ని చూసేదెవరు? ఇంకెవరు, బేబి! ఆ ఆలోచనకి జైలు కంటే ఎక్కువ భయం వేసింది.

దేవకుమారి ఎక్స్-రే ఫిల్మ్ వెలుగుకి పెట్టి చూస్తోంది. కడుపు దగ్గర చిన్న గుండ్రటి తెల్ల మచ్చ.

"ఇదేంటి డాక్టరుగారూ?"

"చొక్కా గుండీ అయ్యుంటుంది. ఈ జబ్బులో ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. దానంతటదే పోతుంది."

"తీసుకొచ్చినప్పుడు ఆయన ఒంటి మీద ఏముంది?"

"బనీను, లుంగీ."

"బనీనుకి గుండీలుంటాయా?"

దేవకుమారి లేచి జీపెక్కింది.

* * *

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చేతిలో రత్తమ్మ ఇంటి నుంచి తెచ్చిన సీసం గుళ్ళ డబ్బా. త్రిమూర్తులు దిండుకి ఆనుకుని కూర్చుని, కిటికీ వంక చూస్తున్నాడు. అందర్నీ ఆ మంచం చుట్టూ నిలబెట్టింది.

"బేబీ, నువ్వు మాత్ర ఎలా ఇచ్చేదానివి? చేసి చూపించు."

బేబి స్పూనులో పిప్పరమెంటు బిళ్ళ పెట్టి, నీళ్ళ గ్లాసుతో ముందుకొచ్చింది. "అమ్మా" అంటూ త్రిమూర్తులు నోరు తెరిచాడు. నీళ్ళు తాగాడు. మింగేశాడు.

రత్తమ్మ మొహం తిప్పేసుకుంది.

"ఇప్పుడు మీరు."

రత్తమ్మ బిళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని భర్త అరచేతిలో పెట్టింది. అతను దాన్ని చూడను కూడా లేదు. బొటనవేలితో నోట్లోకి తోశాడు. ఎడం బుగ్గ కొంచెం ఉబ్బింది. అంతే. మింగలేదు.

"రత్తమ్మగారూ, వల బాగుచేసేటప్పుడు సీసం గుళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు?"

"బుగ్గన, మేడం. రెండు చేతులూ వల మీదే ఉంటాయి కదా. ఒక్కోటీ తీసి తాడుకి గుచ్చుతాడు."

"అందించేదెవరు?"

"నేనే. పెళ్ళైన కాడ్నించీ నేనే. ఆ టైములో ఏవడిగినా పలికేవోడు కాదు. బుగ్గలోవన్నీ అయితేనే జవాబు." అంటూ ఆగిపోయింది.

దేవకుమారి డబ్బా వంచింది. సీసం గుళ్ళ అడుగున తెల్లటి పొడి. ఇంకా కరగని సగం మాత్ర ఒకటి.

"వారం పాటు మీరిచ్చిన మాత్రలన్నీ బుగ్గన పెట్టుకున్నాడు. మీరు అటు తిరగ్గానే తీసి, మిగిలిన గుళ్ళు దాచినట్టే మంచం కింద డబ్బాలో దాచాడు. అందుకే నిద్ర పట్టలేదు. నిన్న మీరే ఆ డబ్బా ముందు పెట్టారు. అలవాటుగా గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. మాత్రలు కరిగిపోయాయి. ఒక గుండు కడుపులోకి జారింది. ఇందులో ఎవరి నేరమూ లేదు."

"సీసమా! అయితే అది బయటికొచ్చేదాకా ఇక్కడే ఉంచాలి," అన్నాడు డాక్టర్. "ఇకమీద మాత్ర నీళ్ళతోనే ఇవ్వండి. నోరు తెరిపించి చూడండి. ఆ డబ్బా ఇంట్లో ఉండకూడదు."

రత్తమ్మ ఆ మాటలేవీ వినడం లేదు.

"మేడం, మరి బేబి ఇస్తే మింగేసేవోడే..."

"బేబి ఆయనకి నర్సు. నర్సు ఇస్తే మందు. మీరు ఇస్తే మందెందుకవుతుంది?"

బేబి కళ్ళు తుడుచుకుంది. "నేను నీళ్ళు పట్టుకుంటాను పిన్నీ. మాత్ర మీరే ఇవ్వండి."

రత్తమ్మ మంచం మీద కూర్చుంది. ఎన్ని నెలలుగానో నోటిదాకా వచ్చి ఆగిపోయిన ప్రశ్న. ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు.

"మావా, నేనెవర్ని?"

త్రిమూర్తులు పలకలేదు.

బయట ఆటోలు పోతున్నాయి. డాక్టర్ వాచీ చూసుకున్నాడు. దేవకుమారి టోపీ తీసుకుని వెళ్ళబోయి, ఆగింది. త్రిమూర్తులు బుగ్గలో బిళ్ళ మెల్లమెల్లగా కరుగుతోంది. రత్తమ్మ మళ్ళీ అడగలేదు. వల పని దగ్గర ఎప్పుడూ రెండోసారి అడిగేది కాదు.

చాలాసేపటికి బుగ్గ లోపలికి పోయింది. అతను నాలికతో తడుముకున్నాడు. ఖాళీ.

అప్పుడు ఆమె వైపు తిరిగి, అరచెయ్యి చాపాడు.

"అయిపోయినియ్యే రత్తీ. ఇంకో నాలుగందియ్యి."