పేజీ తిప్పని తొంభై ఆరో బార్

"మిరపకాయ ఎండిందా?"

"తొడిమ ఊడలేదు."

కోడ్ సరిపోయింది. ఫోన్‌లో చీఫ్ ప్రకాష్ గొంతు కరుకుగా వినిపించింది.

"కచేరీ రద్దు చేయించు, బిందూ. ఇది ఆర్డర్."

నల్లపాడు మిర్చి కోల్డ్ స్టోరేజ్ వెనక గదిలో, ఏజెంట్ బిందుమాధవి ల్యాప్‌టాప్ ముందు నుంచి కదల్లేదు. ఆర్కెస్ట్రాకు నొటేషన్ ప్రింట్ చేసిచ్చే ఉద్యోగిని అన్నది ఆమె కవర్.

"కారణం చెప్పండి సార్."

"విదేశీ ముఠా మెసేజ్ డీకోడ్ అయింది. 'తొంభై ఆరో బార్. పేజీ తిప్పే చెయ్యే పని ముగిస్తుంది.' హంతకుడు మీ ఆర్కెస్ట్రాలోనే ఉన్నాడు. టార్గెట్ డాక్టర్ శివరామకృష్ణ."

ఆ టార్గెట్ ఆమె పక్కనే కూర్చుని స్పీకర్‌లో అంతా వింటున్నాడు. నల్ల తామరపురుగుకు లొంగని మిరప వంగడం పుట్టించిన శాస్త్రవేత్త. ఆ సాయంత్రం గుంటూరు సభలో ఆ విత్తనాన్ని రైతులకు ఉచితంగా వదిలేస్తూ సంతకం పెట్టబోతున్నాడు. ఆ సంతకం పడితే ముఠాను పోషిస్తున్న విదేశీ పురుగుమందుల వ్యాపారానికి నూకలు చెల్లినట్టే.

"తొంభై ఆరో బారా? గుంటూర్లో అన్ని బార్లున్నాయా అమ్మాయ్?" అన్నాడు డాక్టర్.

"సంగీతంలో బార్ సార్. తాళం లెక్కకు ఒక గడి. ఆ గడిలో ఆర్కెస్ట్రా మొత్తం ఆగుతుంది. మీరు సంతకం పెట్టేది అప్పుడే."

"పెడతాను. నా ఊళ్లో నేను దాక్కోవాలా? పురుగుకే భయపడలేదు, వీళ్లకు భయపడతానా?"

"విన్నారుగా సార్," అంది బిందుమాధవి ఫోన్‌లో. "కచేరీ జరుగుతుంది." కట్ చేసింది.

ఆమె వాడే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో గీతలు లాగే పని లేదు. స్వరాలనూ, పేజీ రూపాన్నీ అక్షరాల్లో టైప్ చేస్తే మిగతాది అదే చెక్కిపెడుతుంది. తిప్పడానికి వీలుగా ఉంటుందని తొంభై ఆరో బార్ దగ్గర పేజీ ముగిసేలా పెట్టింది ఆమే. నలభై చేతులు ఒకేసారి స్టాండ్ల మీదకు వెళ్తే, హంతకుడి చెయ్యి ఏదో ఎవరికి తెలుస్తుంది?

వరుసల మధ్య ఖాళీ తగ్గించింది. గీతల సైజు ఒక పిసరు కుదించింది. 'నో పేజ్ బ్రేక్' అని టైప్ చేసింది. స్వరం ఒక్కటీ మారలేదు. పేజీ తిప్పే చోటు మాత్రం నూట ఇరవయ్యో బార్‌కు జరిగింది.

సభ దగ్గర వయోలినిస్ట్ శ్రీదివ్య ఎదురొచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఫొటోగ్రాఫర్లను కట్టిపడేసే నవ్వు. ముఠాలో డిపార్ట్‌మెంట్ నాటిన మనిషి.

"చెల్లో వాయించే వెంకయ్య మీద కన్నేసి ఉంచు," అని గుసగుసలాడింది.

"అలాగే," అంది బిందుమాధవి. లేఅవుట్ సంగతి ఆమెకూ చెప్పలేదు.

సరిగ్గా కచేరీ మొదలయ్యే ముందు కొత్త కాపీలు పంచింది. "ఫైనల్ ప్రింట్ అండీ. స్వరాలన్నీ అవే." వయోలిన్ల వెనక కుర్చీ లాక్కుని కూర్చుంది.

తొంభై నాలుగు. డాక్టర్ బల్ల దగ్గరకు నడిచాడు. తొంభై అయిదు. పెన్ను తీశాడు.

తొంభై ఆరు.

ఆర్కెస్ట్రా ఆగింది. వెంకయ్య చెయ్యి చెల్లో మీదే ఉంది. మిగతావాళ్ల చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఒక్క చెయ్యి మాత్రం ముందుకు సాగింది. ఆ మణికట్టు మీద నెమలికంఠం రంగు గాజులు!

శ్రీదివ్య వేళ్లు స్టాండు కింది మరను తాకాయి. స్టాండు గొట్టం డాక్టర్ వైపే గురిపెట్టి ఉంది. బిందుమాధవి ఎగిరి స్టాండును ఒక్క తన్ను తన్నింది. 'టిక్'మన్న చప్పుడుతో విషపు సూది పైకి దూసుకెళ్లి, వేదిక మీది ఫ్లెక్సీలో దిగబడింది.

"ఎలా కనిపెట్టావ్?" చేతులు విరిచిపట్టాక బుసకొట్టింది శ్రీదివ్య.

"తిప్పడానికి అక్కడ పేజీ ఏదమ్మా?"

మఫ్టీ పోలీసులు ఆమెను పక్క ద్వారం గుండా తీసుకుపోయారు. జనం లేచి నిలబడ్డారు. డాక్టర్ మైకు అందుకున్నాడు.

"కూర్చోండయ్యా! ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు." సంతకం పెట్టి, కాగితం తలపైకెత్తి చూపించాడు. హాలు ఈలలతో దద్దరిల్లింది. కండక్టర్ చెమట తుడుచుకుని, తొంభై ఏడో బార్‌కు చెయ్యెత్తాడు.

మర్నాడు పేపర్లో సంగీత విమర్శకుడు రాశాడు: "కచేరీ అద్భుతం. వయోలినిస్టు ఒకరు మధ్యలోనే లేచిపోవడం మాత్రం శోచనీయం."