గండిపేటలో దిగిన జలాంతర్గామి

చేవెళ్ల మార్కెట్లో టమాటలు తూస్తున్న తలపాగా ముసలాయన తలెత్తకుండానే అడిగాడు.

"శంకర్‌పల్లి రైలు వచ్చిందా?"

"వచ్చింది గని, ఇంజిన్ లేదు," అన్నాడు జైపాల్.

కోడ్ సరిపోయింది. ఆ తలపాగా కింద ఉన్నది ఇంటెలిజెన్స్ చీఫ్ ఈశ్వరయ్య.

"ఆదివారమే ఆపరేషన్. వాల్టర్ ముఠా నీ సబ్‌మెరైన్ల విషం క్యాప్సూల్ పెడ్తరు. గండిపేట చెరువు తూము జాలీకి దాని ముక్కు తగిల్తె పగుల్తది. పట్నమంత అవే నీళ్లు తాగుతరు."

"ముందే పట్టుకోవచ్చు గద సార్."

"సాక్ష్యం లేకుంటె వాల్టర్ మా దేశపోడు, ఇడువుండ్రి అని ఎంబసీ వాళ్లొస్తరు. ప్రవళిక నల్ల కండ్లద్దాలు తీస్తది. అదే సిగ్నల్, మనోళ్లు దుంకుతరు. ఆమె మనామెనే, ఫికర్ చెయ్యకు."

జైపాల్ ఒకప్పుడు నేవీ సబ్‌మెరైన్‌లో పనిచేసినవాడు, ఇప్పుడు ఈశ్వరయ్య కింద గూఢచారి. సాఫ్ట్‌వేర్ కంపెనీ డైరెక్టర్ వేషంలో ఉన్న వాల్టర్ దగ్గర మోడల్ మేకర్‌గా చేరి, అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌లో రెండేళ్లుగా రిమోట్‌తో నడిచే ఈ అయిదడుగుల జలాంతర్గామిని కట్టాడు. వెనక రెక్కలు వంచితే ముక్కు దించి మునుగుతుంది, ఎత్తితే లేస్తుంది. పాడు పనికి పుట్టిందని తెలిసినా, దానిమీద అతనికి కన్నబిడ్డంత ప్రేమ.

ప్రవళిక వాల్టర్ కంపెనీలో మార్కెటింగ్ మేనేజర్, లోపాయికారీగా మన ఏజెంటు. ఈ గొడవ తీరాక పెళ్లి మాట ఎత్తాలనుకున్నాడు జైపాల్. ఒకరోజు రెక్కలకు గరుకు కాగితం పడుతుంటే ఆమె అడిగింది, "మధ్యల సిగ్నల్ తెగితె ఏమైతది?"

"ఆడనే మునిగిపోతది," అన్నాడు. అబద్ధం. సిగ్నల్ తెగితే ట్యాంకులోని నీళ్లు బయటికి తోసేసి తనంతట తానే తేలే ఏర్పాటు లేకుండా, ఏ మోడలిస్టూ తన పడవను నీళ్లలో వదలడు. ఆమెకెందుకు దాచానా అని ఆ రాత్రంతా సిగ్గుపడ్డాడు.

ఆదివారం గట్టు మీద పిక్నిక్ జనం. పొదల చాటున జైపాల్, చేతిలో రిమోట్. పక్కనే నల్ల కళ్లద్దాలతో ప్రవళిక. దూరంగా కారులో వాల్టర్. నీటి అడుగున సబ్‌మెరైన్ తూము వైపు సాగిపోతోంది.

ప్రవళిక కళ్లద్దాలు తీయలేదు. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి పిస్టల్ తీసింది.

"ఆపకు జైపాల్. నడుపు."

జైపాల్ చెయ్యి ఆగలేదు. రిమోట్‌ను బండకేసి కొట్టాడు.

ఆమె నవ్వింది. "పిచ్చోడా. తూము కాడికి పోనే పోయింది. ఆడనే మునిగి జాలీకి తగిలి పగుల్తది."

జాలీకి జానెడు దూరంలో నీళ్లు బుడబుడమన్నాయి. రెక్కలెత్తుకుని, ఎండలో మెరుస్తూ నల్లటి ముక్కు పైకి లేచింది. పిక్నిక్ జనం కేకలు వేశారు. సిగ్నల్ కోసం కాచుకున్న కమాండోలు ఇక ఆగలేదు; వాల్టర్ కారునూ పొదలనూ ఒకేసారి చుట్టుముట్టారు.

బేడీలు పడ్డాక ప్రవళిక అతనివైపు చూసింది. "నాకు గూడ అబద్ధం చెప్పినవా?"

ద్రోహం చేసింది ఆమె. తల దించుకున్నది అతను.

"నువ్వు ఈడికి రానే లేదు, సమజైందా?" జైపాల్‌తో అన్నాడు ఈశ్వరయ్య. ప్రవళికను మనామె అన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. క్యాప్సూల్ తీసేశాక కానిస్టేబుల్ మోడల్‌ను జీపులోకి తోశాడు. పట్టలేదు. వెనక రెక్కలు రెండూ విరిచి కుక్కాడు.

"ఏం బొమ్మ సార్ ఇది?"

"మునిగినా పైకొచ్చేది," అన్నాడు జైపాల్. "మా డిపార్ట్‌మెంట్ల అసొంటిది ఇదొక్కటే ఉండె."